పండగ వీడియోకి ఫోన్ సెట్టింగులు: వెలుతురు ఖర్చు, చోటు ఖర్చు



సంక్రాంతి సెలవులు దగ్గరపడ్డాయి. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి, సెలవు దొరికితే డల్లాస్ నుంచి కూడా పిల్లలు ఊరికి బయల్దేరే రోజులివి. ఇంటికి పదిమంది వస్తే పది ఫోన్లు వస్తాయి. భోగి మంట అంటించిన దగ్గర్నుంచి కనుమ నాడు గారెలు వేగేదాకా ఎవరో ఒకరు వీడియో తీస్తూనే ఉంటారు. పండగ అయిపోయి ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళాక, తీరిగ్గా చూసుకున్నప్పుడు బయటపడుతుంది సంగతి. కొన్నింట్లో మొహాలు నల్లగా పడి ఉంటాయి. కొన్ని ఊగిపోతుంటాయి. ఒకదాంట్లో బామ్మ ఏదో చెబుతుంటుంది, పక్కింటి మైకు మోతలో ఒక్క ముక్క వినపడదు. ఇంకోటి పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి పెడితే అసలు ఆడనే ఆడదు.

ఈ కష్టాల్లో చాలావాటికి ఫోన్ ఖరీదుతో సంబంధం లేదు. బయల్దేరే ముందు కాసేపు కూర్చుని కెమెరా సెట్టింగులు సరిచూసుకుంటే తప్పిపోయేవే. అయితే ఆ సెట్టింగుల పేజీ తెరవగానే అంకెలు భయపెడతాయి. 1080, 4కె, 30, 60, హెచ్‌డీఆర్, హెచ్ఈవీసీ. పెద్ద అంకె ఉన్నదే మంచిదనుకుని అన్నీ చివరికంటా పెంచేస్తాం. అక్కడే వస్తుంది తంటా.

ఈ పూట నేను చెప్పదలచుకున్న మాట ఒక్కటే. వీడియో సెట్టింగు ఏదైనా సరే, పెంచిన కొద్దీ మన చేత రెంటిలో ఒకటైనా ఖర్చు పెట్టిస్తుంది: వెలుతురు గానీ, చోటు గానీ. చోటంటే ఫోన్‌లో స్టోరేజీ. చోటు చాలకపోతే కొనుక్కోవచ్చు, పాతవి తీసేసి ఖాళీ చేసుకోవచ్చు. వెలుతురు సంగతి అలా కాదు. తెల్లవారుజామున నాలుగున్నరకు భోగి మంట దగ్గర ఎంత ఉందో అంతే. అందుకని ఏ సెట్టింగు ముట్టుకున్నా ముందు అడగాల్సింది, ఇది నా వెలుతురు తింటుందా, చోటు తింటుందా అని. ఈ ఒక్క ప్రశ్న చేతిలో ఉంటే ఆ పేజీలో మనకు తెలియని బ్రహ్మవిద్యేమీ లేదు.

మొదట రిజల్యూషన్ చూద్దాం. ఇది చోటు తినేది.

1080పి అంటే, దాన్నే ఫుల్ హెచ్‌డీ అంటాం, బొమ్మలో అడ్డంగా 1920 చుక్కలు, నిలువుగా 1080. మొత్తం సుమారు 20 లక్షల చుక్కలు. 4కె అంటే అడ్డంగా 3840, నిలువుగా 2160. దాదాపు 83 లక్షలు, అంటే సరిగ్గా నాలుగింతలు. కొన్ని ఖరీదైన ఫోన్లలో 8కె కూడా ఉంది, అది 3 కోట్ల 31 లక్షలు. 8కె టీవీ ఉన్న ఇల్లు మీ చుట్టాల్లో ఎక్కడైనా ఉంటే చెప్పండి, లేకపోతే ఆ మాట ఇక్కడితో వదిలేద్దాం.

ఈ చుక్కలు ఎంత చోటు పడతాయో ఐఫోన్‌లో ఆ సెట్టింగుల పేజీలోనే రాసి ఉంటుంది. మోడల్‌ని బట్టి కొంచెం అటూ ఇటూగా, 1080పి లో సెకనుకు 30 ఫ్రేములతో తీస్తే నిమిషానికి సుమారు 60 ఎంబీ. 4కె లో అవే 30 ఫ్రేములైతే సుమారు 170 ఎంబీ. 4కె లో 60 ఫ్రేములైతే సుమారు 400 ఎంబీ. గంట లెక్కన చూడండి: మొదటిది మూడున్నర జీబీ చిల్లర, రెండోది పది జీబీ, మూడోది 24 జీబీ. ఆండ్రాయిడ్ ఫోన్లలో కంపెనీని బట్టి అంకెలు మారతాయి గానీ వరస ఇదే. నాలుగు రోజుల పండగలో రోజూ గంట తీసే ఇంట్లో 4కె, 60 ఫ్రేములు పెట్టారంటే 96 జీబీ పోయినట్టే. సరిగ్గా కనుమ నాడు, అందరూ వరసగా కూర్చుని ఫోటోకి నవ్వుతున్నప్పుడు, "స్టోరేజ్ ఫుల్" అని వస్తుంది.

మరి 1080పి సరిపోతుందా? ఎక్కడ చూస్తారన్నదాన్ని బట్టి. మన ఇళ్ళలో హాల్లో ఉండేది 43 అంగుళాల టీవీ అనుకుందాం. ఎనిమిది తొమ్మిది అడుగుల దూరంలో సోఫాలో కూర్చుని చూస్తే, శుభ్రంగా తీసిన 1080పి కీ 4కె కీ తేడా పట్టుకోవడం మామూలు కంటికి కష్టం. ఇంకా పెద్ద టీవీ ఉన్నవాళ్ళకు, తర్వాత కూర్చుని అంచులు కత్తిరించి ఎడిట్ చేసుకునేవాళ్ళకు 4కె పనికొస్తుంది. నా సలహా ఇది: మామూలు సందడి అంతా 1080పి లో తీయండి. తాతగారు తమ చిన్ననాటి ముచ్చట చెబుతున్నప్పుడు, నాలుగు తరాలు ఒకచోట కూర్చున్నప్పుడు, మళ్ళీ దొరకదనిపించే ఆ కొద్ది నిమిషాలకు 4కె పెట్టండి. ఆ చోటు ఖర్చుకి న్యాయం ఉంది.

రెండోది ఫ్రేమ్ రేటు. ఇది చోటునీ తింటుంది, వెలుతురునీ తింటుంది. అందుకే దీని దగ్గర కొంచెం ఆగుదాం.

వీడియో అంటే సెకనుకు కొన్ని ఫోటోల చొప్పున వరసగా చూపించడమే. సినిమాకు సెకనుకు 24. మన దేశంలో టీవీ ప్రసారానికి 25. ఫోన్లు మామూలుగా 30 కి గానీ 60 కి గానీ పెట్టి ఉంటాయి. 60 పెడితే పరిగెత్తే కోడె, ఎగిరే గాలిపటం జారుడుగా, నున్నగా కనిపిస్తాయి. నిజమే. కానీ సెకను మాత్రం ఒక్కటే కదా. ఒక చెంబుడు నీళ్ళు 30 గ్లాసుల్లో సర్దడం వేరు, 60 గ్లాసుల్లో సర్దడం వేరు. 60 గ్లాసులైతే ఒక్కోదానికి అందేది సగమే. వెలుతురూ అంతే. 30 ఫ్రేములప్పుడు ఒక్కో ఫ్రేముకు ఎక్కువలో ఎక్కువ సెకనులో ముప్ఫయ్యో వంతు వెలుతురు పడుతుంది, 60 అయితే అరవయ్యో వంతు. మిట్టమధ్యాహ్నం వాకిట్లో ఈ తేడా తెలియదు, వెలుతురు పొంగిపొర్లుతుంటుంది. సాయంత్రం హాల్లో మాత్రం ఫోన్ ఆ కొరతను బలవంతంగా పెంచి పూడుస్తుంది. ఆ బలవంతమే నీడల్లో కదిలే రంగు చుక్కలు, అలికేసినట్టుండే మొహాలు.

కాబట్టి గుర్తు ఇది: ఎండలో, పరుగుకి 60. గడప లోపల, పొద్దు వాలాక 30, లేదా అంతకంటే తక్కువ. కొన్ని ఫోన్లలో ఆటో ఎఫ్‌పీఎస్ అని ఉంటుంది. చీకటి పడితే ఫోనే ఫ్రేములు తగ్గించుకుంటుంది. ఇంట్లో చూసుకునే వీడియోకి అది ఆన్ చేసి ఉంచినా నష్టం లేదు.

ఫ్రేముల దగ్గరే ఇంకో చిక్కుంది. ఇది మన కరెంటుతో వచ్చేది. ట్యూబ్‌లైటు కింద తీసిన వీడియోలో నల్లటి పట్టీలు పైకీ కిందకీ పాకడం మీరు చూసే ఉంటారు. గోడ మీద, తెల్ల చొక్కా మీద బాగా తెలుస్తుంది. ఫోన్ పాడైందని భయపడక్కర్లేదు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలు. పాత చోకు ట్యూబ్‌లైట్లు, చౌక ఎల్ఈడీ బల్బులు, పండక్కి కట్టే సీరియల్ సెట్లు ఒక్కో ఆవృత్తంలో రెండుసార్లు, అంటే సెకనుకు వందసార్లు మినుకుమంటాయి. కంటికి ఆనదు, కెమెరాకు ఆనుతుంది. 30 ఫ్రేములు పెడితే ఒక్కో ఫ్రేముకు మూడు మినుకులూ, పైన మరో మూడో వంతూ వస్తాయి. ఆ మిగులే పట్టీ అవుతుంది. 25 ఫ్రేములు పెట్టండి, సరిగ్గా నాలుగేసి మినుకులు వచ్చి లెక్క కుదురుతుంది. ఐఫోన్‌లో రికార్డ్ వీడియో పేజీలో "షో పాల్ ఫార్మాట్స్" అన్న మీట ఆన్ చేస్తే 25 కనిపిస్తుంది. ఆండ్రాయిడ్‌లో ప్రో వీడియో మోడ్ ఉంటే షట్టర్‌ని సెకనులో 50వ వంతుకు గానీ 100వ వంతుకు గానీ పెట్టండి. పట్టీలు చాలావరకు పోతాయి.

అమెరికా నుంచి వచ్చే అబ్బాయి, "మా ఇంట్లో ఎప్పుడూ ఇలా రాలేదు మామయ్యా, ఇక్కడే వస్తోంది" అంటాడు. వాడు చెప్పేది నిజమే. అక్కడ కరెంటు 60 ఆవృత్తాలు, దీపం 120 సార్లు మినుకుమంటుంది. 30 ఫ్రేములతో అక్కడ లెక్క సరిపోతుంది. ఇక్కడికి రాగానే ఆ ఫోన్‌కీ 25 పెట్టించండి. ఇంకో మాట, తర్వాత అందరి వీడియోలూ కలిపి ఒకటిగా చేద్దామనుకుంటే, ఇంట్లో ఫోన్లన్నీ ఒకే ఫ్రేమ్ రేటులో ఉండాలి. 25, 30, 60 కలగలిపితే అతుకుల దగ్గర కదలిక కుంటుతుంది.

ఇక చిన్నవి కొన్ని గబగబా చెప్పుకుందాం.

హెచ్‌డీఆర్. ఎండా నీడా కలిసిన చోట రెండూ కనిపించేలా చేస్తుంది. అది చూపించగల టీవీ ఉంటే బాగుంటుంది. పాత టీవీలో పెడితేనో, ఫోన్లు మార్చి మార్చి పంపితేనో రంగులు వెలిసిపోయినట్టు రావచ్చు. మీ టీవీ మీద హెచ్‌డీఆర్ అన్న ముద్ర లేకపోతే ఆపేయండి.

బ్యూటీ ఫిల్టర్. తప్పనిసరిగా ఆపేయండి. అమ్మమ్మ చెంపల మీది ముడతలు చెరిపేస్తే అక్కడ మిగిలేది అమ్మమ్మ కాదు. వెనక భాగాన్ని మసకబరిచే సినిమాటిక్, పోర్ట్రెయిట్ వీడియో కూడా పండక్కి వద్దు. ఇంకో ఇరవై ఏళ్ళకు ఆ పెంకుటిల్లు ఉండకపోవచ్చు. వెనక గోడ మీది క్యాలెండరు, మూలనున్న కుట్టుమిషను, దండెం మీది చీరలు, అప్పుడు వెతుక్కునేవి అవే. వాటిని మసక చేసుకోవడమెందుకు?

లెన్సు. 1ఎక్స్ అని ఉండే ప్రధాన కెమెరాకే పెద్ద సెన్సరు, ఎక్కువ వెలుతురు పట్టేది అదే. 0.5 అని ఉండే వెడల్పు కెమెరా పగలు వాకిలి మొత్తం చూపించడానికి బాగుంటుంది, రాత్రి తేలిపోతుంది. జూమ్ బదులు రెండడుగులు ముందుకు వేయండి. ఖర్చు లేని జూమ్ అదే.

ఫైలు రకం. హెచ్.264 అన్నది 2003 నాటి పద్ధతి, దాదాపు అన్నింట్లోనూ ఆడుతుంది. హెచ్ఈవీసీ 2013లో వచ్చింది, అదే నాణ్యతను దాదాపు సగం చోటులో ఇముడుస్తుంది, కానీ పాత టీవీలు, పాత కంప్యూటర్లు దాన్ని చదవలేవు. ఐఫోన్‌లో మొదటిది "మోస్ట్ కంపాటిబుల్", రెండోది "హై ఎఫిషియెన్సీ". ఏది పెట్టాలో వాదించుకోనక్కర్లేదు. హై ఎఫిషియెన్సీలో పది సెకన్లు తీసి, పెన్‌డ్రైవ్‌లో వేసి, మీ హాల్లో టీవీకి పెట్టి చూడండి. ఆడితే అదే ఉంచండి, ఆడకపోతే మోస్ట్ కంపాటిబుల్ పెట్టండి. ఈ పరీక్ష పండక్కి ముందు చేయండి, తర్వాత కాదు.

ఇప్పుడు ఈ లెక్కలన్నీ పట్టుకుని పండగలోకి వెళ్దాం.

ప్రయాణం. హైదరాబాదు నుంచి కాకినాడ వైపో విశాఖ వైపో రైల్లో వెళ్తుంటే కొవ్వూరు దాటాక గోదావరి వంతెన వస్తుంది. పిల్లలు కిటికీకి అతుక్కుంటారు, పెద్దవాళ్ళు చిల్లర తీసి చేతిలో పెడతారు. అందరూ నదిని తీస్తారు. నది ఎక్కడికీ పోదు. ఆ నాణెం విసిరే పిల్ల మొహం తీయండి. ఆ పిల్ల మొహం మీద తెర నొక్కి పట్టుకుంటే ఫోకసూ వెలుతురూ అక్కడే లాక్ అవుతాయి. లాక్ చేయకపోతే వంతెన కమ్మీల నీడ ఒక్కోటి దాటినప్పుడల్లా ఫోన్ తడబడి బొమ్మ వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. పట్టాల పక్కన స్తంభాలు వీడియోలో ఒరిగిపోయినట్టు కనిపిస్తే కంగారు పడకండి. కెమెరా సెన్సరు బొమ్మను ఒక్కసారిగా కాక వరస తర్వాత వరసగా చదువుతుంది, ఈ లోపు రైలు ముందుకు జరుగుతుంది. ఎంత ఖరీదు ఫోన్ అయినా కొంత ఉంటుంది.

భోగి మంట. ఇది ఫోన్‌కి అన్నిటికంటే గట్టి పరీక్ష. చుట్టూ చిమ్మచీకటి, మధ్యలో భగ్గుమనే మంట. మామూలుగా వదిలేస్తే ఫోన్ చీకటిని చూసి వెలుతురు పెంచుతుంది, మంట తెల్లటి ముద్దయిపోతుంది. 30 ఫ్రేములు గానీ 25 గానీ పెట్టండి, 1ఎక్స్ కెమెరా వాడండి, మంట దగ్గర నిలబడ్డ వాళ్ళలో ఒకరి మొహం మీద నొక్కి పట్టి లాక్ చేయండి. తర్వాత పక్కనే వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం కిందకు జరపండి. మంట మంటలా ఉంటుంది, మొహాల మీద ఎర్రటి వెలుగు నిలుస్తుంది. ఫ్లాష్ లైటు వేయకండి, ఆ ఎరుపు మొత్తం చచ్చిపోతుంది. వేడికి ఫోన్ కూడా కాగుతుంది, కాబట్టి అవతలకు జరిగి తీయండి.

ముగ్గు. పెద్ద రథం ముగ్గు వేయడానికి అరగంటో గంటో పడుతుంది. ఇది టైమ్ ల్యాప్స్‌కి పుట్టిన పని. అరుగు మీదో, పిట్టగోడ మీదో ఫోన్ కదలకుండా నిలబెట్టి, టైమ్ ల్యాప్స్ నొక్కి వదిలేయండి. చుక్కలు పడి, గీతలు సాగి, రంగులు నిండి, గొబ్బెమ్మలు కూర్చోవడం అంతా అర నిమిషంలో కళ్ళ ముందు జరుగుతుంది. చోటూ తక్కువే పడుతుంది. ముందే ఛార్జింగు నింపుకోండి.

గంగిరెద్దు. పగటి వేళ వస్తుంది, వెలుతురుకు లోటు లేదు. 60 ఫ్రేములకు, స్లో మోషన్‌కు ఇదే అదను. స్లో మోషన్ అంటే సెకనుకు 120, 240 ఫ్రేములు. 30 తో పోలిస్తే నాలుగింతలు, ఎనిమిదింతలు వెలుతురు కావాలి. ఎండలో బసవన్న తల ఊపుతుంటే, మెడలో గంటలు ఊగుతుంటే కన్నుల పండగ. కాకపోతే స్లో మోషన్‌లో సన్నాయి వినపడదు, వినపడినా ఈడ్చుకుపోతుంది. అందుకని పది సెకన్లు స్లో మోషన్ తీసి, మిగతాది మామూలుగా తీయండి. గంగిరెద్దు ఆయన్నీ, హరిదాసునీ తీసేముందు ఒక మాట అడగండి. వాళ్ళకు ఇవ్వాల్సింది ఇచ్చాకే ఫోన్ ఎత్తండి.

భోగిపళ్ళు. ఇంటి వీడియోల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇదే, అన్నిటికంటే ఎక్కువగా పాడయ్యేదీ ఇదే. సాయంత్రం హాల్లో పీట వేసి మూడేళ్ళ పిల్లను కొత్త పరికిణీతో కూర్చోబెడతారు. పళ్ళెంలో రేగిపళ్ళు, చెరకు ముక్కలు, బంతిపూల రేకలు, చిల్లర డబ్బులు. పీట ఎక్కడ వేస్తారు? కిటికీ ముందు, ఎందుకంటే అక్కడ సోఫాలు అడ్డం రావు. కిటికీలోంచి వచ్చే వెలుతురు చూసి ఫోన్ బొమ్మను తగ్గిస్తుంది, పిల్ల మొహం నల్లబడుతుంది. పేరంటాళ్ళు రాకముందే పీటను ఎదురుగోడ వైపు జరపండి. కిటికీ, వీడియో తీసేవాళ్ళ వీపు వెనక్కి రావాలి. ఏ సెట్టింగూ చేయలేని పని ఈ ఒక్కటీ చేస్తుంది. 25 ఫ్రేములు పెట్టి, మీరు కింద కూర్చుని, ఫోన్ పిల్ల కళ్ళ ఎత్తులో పట్టుకోండి. పళ్ళు జలజలా రాలుతుంటే స్లో మోషన్ తీయాలని చెయ్యి పీకుతుంది. ట్యూబ్‌లైటు కింద మాత్రం తీయొద్దు. సెకనుకు వందసార్లు మినుకుమనే దీపం స్లో మోషన్‌లో తన మినుకులన్నీ బయటపెడుతుంది, పిల్ల వెలుగుతూ ఆరుతూ కనిపిస్తుంది.

ఇప్పటిదాకా బొమ్మ గురించి చెప్పాను. ఇక శబ్దం. దీనికి వెలుతురు ఖర్చు లేదు, చోటు ఖర్చు కూడా లెక్కలోకి రానంత. అయినా మనం పట్టించుకునేది దీన్నే అతి తక్కువ.

1990ల నాటి పెళ్ళి క్యాసెట్లు గుర్తు తెచ్చుకోండి. వీహెచ్ఎస్ క్యాసెట్ బొమ్మ నాణ్యత ఈ రోజు అడుగు మెట్టు ఫోన్‌కి కూడా సాటి రాదు. అయినా ఇప్పుడు వేసుకుంటే అందరూ ఎందుకు అతుక్కుపోతారు? వెనకాల ఎవరో "ఒరేయ్, వడ్డన మొదలెట్టమనరా" అంటారు. ఆ గొంతు ఇప్పుడు లేదు. కానీ చాలా క్యాసెట్లలో ఆ గొంతులు కూడా లేవు, మొదట్నుంచి చివరిదాకా సినిమా పాట అతికించేశారు. మనం ఆ పని చేయొద్దు. మీరు తర్వాత పాట కలుపుకున్నా, అసలు శబ్దం ఉన్న ఫైలు విడిగా దాచండి.

ఫోన్ మైకు సాధారణంగా కింద, ఛార్జింగు రంధ్రం పక్కన ఉంటుంది. అడ్డంగా పట్టుకున్నప్పుడు వేలు దాని మీదికి పోతుంది, చూసుకోండి. మాట వినపడాలంటే మనిషికి నాలుగడుగుల లోపు ఉండాలి. గాలి వీస్తుంటే గాలికి వీపు పెట్టి నిలబడండి, మీ ఒళ్ళే అడ్డు. తీసేవాళ్ళు మాట్లాడొద్దు, నవ్వొస్తే మాత్రం నవ్వండి. అన్నిటికంటే ముందు ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. సరిగ్గా హారతి వేళకు ఎవరో ఫోన్ చేస్తారు, చాలా ఫోన్లలో రికార్డింగు అక్కడితో ఆగిపోతుంది.

కదలిక గురించి కూడా ఒక మాట. స్టెబిలైజేషన్ ఆన్‌లో ఉంచండి. అది బొమ్మ అంచులు కొంచెం కత్తిరించి ఊపును సర్దుతుంది. సూపర్ స్టెడీ, యాక్షన్ మోడ్ లాంటివి పగటిపూట పరుగుకే. వాటికి వెలుతురు ఎక్కువ కావాలి, ఇంట్లో పెడితే బొమ్మ మసకబారుతుంది. వీటన్నిటికంటే మోచేతులు డొక్కకు ఆనించి కదలకుండా నిలబడటం మేలు.

ఇంటి వీడియో ఎంతసేపు ఉండాలి, ఎలా ఉండాలి అన్నదానికి ఒక పాత సమాధానం ఉంది. 1895లో ఫ్రాన్సులో లూయీ లూమియేర్ తన అన్న ఆగస్ట్ కుటుంబాన్ని తీశాడు. తల్లీ తండ్రీ బల్ల ముందు కూర్చుని ఉంటారు, మధ్యలో పసిపాప. తండ్రి చెంచాతో తినిపిస్తాడు. వెనకాల చెట్ల ఆకులు గాలికి కదులుతుంటాయి. అంతే. ఆ ఏడాది డిసెంబరు 28న పారిస్‌లో ఈ అన్నదమ్ములు మొదటిసారి డబ్బు తీసుకుని జనానికి చూపించిన చిత్రాల్లో అదొకటి. నిడివి నిమిషం లోపే. చేత్తో తిప్పే కెమెరా, సెకనుకు పదహారు ఫ్రేములు, రంగు లేదు, శబ్దం లేదు. కానీ వాళ్ళు ఆరుబయట వెలుతురులో కూర్చున్నారు, కెమెరా కదలలేదు, మొహాలు దగ్గరగా ఉన్నాయి. నూట పాతికేళ్ళు దాటినా చూడబుద్ధవుతుంది. మీరూ అలాగే ఒక్కో ముక్క పదిహేను ఇరవై సెకన్లు తీయండి. అటూ ఇటూ తిప్పొద్దు. ఒకచోట ఆగి తీసి, ఆపి, ఇంకోచోటుకి వెళ్ళి మళ్ళీ తీయండి.

అడ్డంగానా, నిలువుగానా? స్టేటస్‌కి నిలువు, టీవీకి అడ్డం. స్టేటస్ ఒక్క రోజుకి పోతుంది. దాచుకునేది అడ్డంగా తీయండి.

చివరిగా దాచుకోవడం. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియోని బాగా కుదించేస్తుంది. మీరు 4కె కి పెట్టిన చోటు ఖర్చంతా వృథా. డాక్యుమెంటుగా పంపండి, 2 జీబీ దాకా ఉన్నదున్నట్టు వెళ్తుంది. గూగుల్ ఖాతాలో ఉచితంగా వచ్చేది 15 జీబీ, మెయిళ్ళూ ఫోటోలూ అన్నీ కలిపి. 2021 జూన్ 1 నుంచి ఫోటోలూ వీడియోలూ అందులోనే లెక్క. "స్టోరేజ్ సేవర్" పెడితే 4కె ని 1080పి కి తగ్గించి దాస్తుంది, అదీ తెలిసి ఉండండి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 రకమైతే 4 జీబీ దాటిన ఒక్క ఫైలూ ఎక్కదు. 4కె లో ఏకబిగిన అరగంట తీసినా ఆ గీత దాటుతుంది. ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేసుకోండి, మీ టీవీ దాన్ని చదువుతుందో లేదో ముందే చూసుకోండి. మొత్తం మీద మూడు చోట్ల ఉంచండి: ఒకటి కంప్యూటర్లో, ఒకటి విడిగా హార్డ్‌డిస్కులో, ఇంకోటి వేరే ఊళ్ళో ఉన్న అన్నయ్య దగ్గరో అక్క దగ్గరో. వీహెచ్ఎస్ క్యాసెట్లు బీరువాలో బూజు పట్టి పోయిన ఇళ్ళలో చాలావాటికి రెండో కాపీ లేకపోవడమే కారణం.

రాసుకునేవాళ్ళ కోసం మరొక్కసారి. మామూలుగా 1080పి, అపురూపమైన వాటికి 4కె. ట్యూబ్‌లైటు కింద 25, ఎండలో పరుగుకి 60, స్లో మోషన్ పగలే. కెమెరా 1ఎక్స్. హెచ్‌డీఆర్ టీవీని బట్టి, బ్యూటీ ఫిల్టర్ వద్దు. లెన్సు మెత్తటి గుడ్డతో తుడవండి. ఫ్లైట్ మోడ్. మొహం మీద నొక్కి లాక్.

ఇంకొక్క సూచన. పది ఫోన్లూ ఒకేసారి పైకి లేవనక్కర్లేదు. భోగి మంట ఒకరు, భోగిపళ్ళు ఒకరు, గంగిరెద్దు ఒకరు అని ముందే పంచుకోండి. మిగతావాళ్ళు ఫోన్ జేబులో పెట్టి పళ్ళు పోయండి, మంట దగ్గర నిలబడండి. అందరూ తీసేవాళ్ళే అయితే వీడియోలో కనిపించేది ఎవరు?

సెట్టింగులు ఈ రాత్రికే పెట్టేసుకోండి. ఆ పది సెకన్ల పరీక్ష వీడియో టీవీలో చూసుకుని పడుకోండి.